బెల్లిస్ పెరెన్నిస్ విత్తనాల ప్యాకెట్: కొనేముందు ఏం చూడాలి, చల్లాక ఏం చేయాలి

డైజీ పేరుతో దొరికే విత్తనాల ప్యాకెట్లలో ముందుగా తీసుకోదగ్గది సాదా అడవి రకం. వెనకవైపు బెల్లిస్ పెరెన్నిస్ అని శాస్త్రీయ నామం పూర్తిగా ఉంటుంది, దాని పక్కన ఏ రంగు పేరూ ఏ సిరీస్ పేరూ (కంపెనీలు ఒకే తీరు రకాల గుంపుకు పెట్టే పేరు) ఉండదు. ముద్దపూల రకాలు అట్ట మీది బొమ్మలో ఎంత అందంగా ఉన్నా, ఈ మొక్కకు ప్రత్యేకత తెచ్చిపెట్టిన గుణాల్లో చాలా వాటికి అవి దూరం. ఇక ప్యాకెట్ లోపలి విత్తనం తాజాదైతే చాలావరకు బాగానే ఉంటుంది. దెబ్బతీసేది వెనక అచ్చేసిన సూచనలు. "వసంతంలో చల్లండి, పైన 3 మిల్లీమీటర్ల మట్టి కప్పండి, రోజూ నీళ్లు పోయండి" అని మూడు ముక్కల్లో తేల్చేస్తారు. ఆ మూడూ బెల్లిస్‌కు సరిపడవు. ఎందుకు సరిపడవో మొక్కను చూస్తే తెలుస్తుంది.

చామంతి కుటుంబంలో బెల్లిస్ చిన్న ప్రజాతి. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ 1753లో దీనికి పేరు పెట్టాడు. ఇందులో జాతులు డజనుకు అటూ ఇటూగా ఉన్నాయి. వీటి పుట్టిల్లు ఐరోపా, మధ్యధరా తీరాలు, ఉత్తర ఆఫ్రికా. బెల్లిస్ యాన్యువా ఒక్క ఏడాదిలో బతుకు ముగించే చిన్న మొక్క, దాని కాడ అడుగు భాగంలో ఆకులుంటాయి. బెల్లిస్ సిల్వెస్ట్రిస్ కాస్త పెద్దది. పొడుగాటి ఆకులు, వాటిలో మూడు ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి, ఎండాకాలం అయ్యాక శరత్తులో పూస్తుంది. అజోర్స్ దీవుల్లో బెల్లిస్ అజోరికా, కోర్సికాలో బెల్లిస్ బెర్నార్డీ, క్రీట్‌లో బెల్లిస్ లాంగిఫోలియా ఉన్నాయి. ఇవేవీ మామూలు ప్యాకెట్లలో రావు. మార్కెట్లో బెల్లిస్ అంటే దాదాపుగా బెల్లిస్ పెరెన్నిసే.

దాని ఒడ్డూ పొడవూ చూద్దాం. ఆకులన్నీ నేలకు అతుక్కుని చక్రంలా పరుచుకుంటాయి. ఒక్కో ఆకు 2 నుంచి 5 సెంటీమీటర్లు ఉంటుంది. కొన వెడల్పుగా గుండ్రంగా ఉండి, మొదలు కాడలోకి సన్నబడిపోతుంది. ఆ చక్రం మధ్యలోంచి ఒక్క ఆకు కూడా లేని నున్నటి కాడ 5 నుంచి 15 సెంటీమీటర్లు లేస్తుంది. దాని చివర ఒకే ఒక్క పూవు, వెడల్పు 2 నుంచి 3 సెంటీమీటర్లు. నేల కింద పొట్టి దుంపకాండం ఉంటుంది, పక్కపిలకలు దాని నుంచే వస్తాయి. మొక్కకు ఎదిగే మొగ్గ నేల మట్టానికే ఉంటుంది. ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే నాటడంలో, నీళ్లు పెట్టడంలో, గడ్డి కోయడంలో వచ్చే తప్పులు సగం తప్పిపోతాయి.

పూవును దగ్గరగా చూడటానికి పది రెట్ల భూతద్దం చాలు. బాగా విచ్చిన పూవును కోసుకుని, కాడతో సహా కొత్త బ్లేడుతో నిలువునా రెండుగా చీల్చండి. మనం ఒక పూవు అనుకునేది పూల గుంపు అని వెంటనే తెలుస్తుంది. చుట్టూ ఉన్న ఒక్కో తెల్లరేకూ ఒక్కో ఆడపూవు. దాని మొదట్లో రెండుగా చీలిన కీలాగ్రం కనిపిస్తుంది, కేసరాలు మాత్రం ఉండవు. మధ్యలో పసుపు పచ్చని గొట్టాల్లా ఉన్నవి ద్విలింగ పూలు. ఒక్కోదానికి అంచున ఐదు పళ్లు ఉంటాయి. బయటి వరుస గొట్టాలు ముందు తెరుచుకుంటాయి, రోజులు గడిచేకొద్దీ విచ్చుకోవడం లోపలికి జరుగుతుంది. అందుకే ఒక పూవు చాలా రోజులపాటు కీటకాలకు పని కల్పిస్తుంది. ఇవన్నీ కూర్చున్న పుష్పాసనం శంకువు ఆకారంలో పైకి లేచి, లోపల బోలుగా ఉంటుంది. కింద పుచ్ఛాలు, అంటే చిన్న ఆకుల్లాంటి పచ్చని భాగాలు, రెండు వరుసల్లో దాన్ని పట్టుకుని ఉంటాయి. చీకటి పడ్డప్పుడు, వాన పడేటప్పుడు తెల్లరేకులు పైకి ముడుచుకుని పసుపు భాగాన్ని కప్పేస్తాయి. రేకుల అడుగున, కొనల్లో గులాబీ ఛాయ ఉండటం వల్ల ముడుచుకున్న పూవు వేరే రంగు పూవులా కనిపిస్తుంది. అది రకం కల్తీ అని కంగారు పడనక్కర్లేదు.

గింజ దగ్గరికి వద్దాం, ప్యాకెట్ అసలుదో కాదో తేల్చేది అదే. బెల్లిస్ పెరెన్నిస్ గింజ ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. చదునుగా, ఒకవైపు వెడల్పుగా, లేత గోధుమ రంగులో, చుట్టూ కాస్త మందమైన అంచుతో ఉంటుంది. భూతద్దంలో సన్నని నూగు కనిపిస్తుంది. గాలిలో ఎగరేసే పీచు కుచ్చు మాత్రం ఉండదు. తెల్ల కాగితం మీద పది గింజలు పోసి చూడండి. కుచ్చు ఉంటే అది బెల్లిస్ పెరెన్నిస్ కాదు, చాలాసార్లు డైజీని పోలిన ఎరిజెరాన్ అయి ఉంటుంది. ముదురు రంగులో, నిలువు గీతలు దేలి, 2 మిల్లీమీటర్లు దాటి ఉంటే ల్యూకాంథిమమ్ వల్గేర్. ఇది "అడవి డైజీ" పేరుతో బాగా అమ్ముడవుతుంది, మొక్క మోకాలెత్తు లేస్తుంది, కాడ పొడవునా పళ్ల అంచు ఆకులుంటాయి. నీలం ఊదా పూల బొమ్మ ఉంటే అది ఆస్ట్రేలియాకు చెందిన బ్రాకీస్కోమ్ కావచ్చు, దాని ఆకులు సన్నగా చీలి ఉంటాయి. నాలుగూ మంచి మొక్కలే. అయితే గడ్డిలో 10 సెంటీమీటర్ల ఎత్తులో పరుచుకునే మొక్క కావాలని కొన్నవాళ్లకు మోకాలెత్తు మొక్క వస్తే ఏం లాభం? అట్ట మీద "డైజీ మిశ్రమం" అని మాత్రమే ఉండి శాస్త్రీయ నామం లేని ప్యాకెట్‌ను అక్కడే వదిలేయడం మేలు.

శాస్త్రీయ నామం తర్వాత చూడాల్సింది ప్యాక్ చేసిన తేదీ, గింజల బరువు లేదా సంఖ్య, మొలక శాతం. గ్రాముకు దాదాపు 5 వేల గింజలు తూగుతాయి కాబట్టి 0.1 గ్రాము ప్యాకెట్ అంటే చూడటానికి చిటికెడు ఉన్నా 500 గింజల లెక్క. మొక్కకు మొక్కకు 15 సెంటీమీటర్ల దూరంలో నాటితే చదరపు మీటరుకు 44 మొక్కలు పడతాయి. వంద గింజల్లో 60 మొలిచి, నాటే దశకు 50 మిగిలాయనుకున్నా ఆ చిన్న ప్యాకెట్ ఐదు చదరపు మీటర్లు దాటి సరిపోతుంది. తొట్లలో పెంచేవాళ్లు పెద్ద ప్యాకెట్ కొనడం వృథా. మిగిలిన గింజ రెండో ఏటికి నీరసపడుతుంది.

కొన్న వెంటనే చిన్న పరీక్ష చేయండి. తడిపి పిండిన టిష్యూ పేపర్ మీద 20 గింజలు విడివిడిగా పెట్టి, మూత ఉన్న పారదర్శకమైన డబ్బాలో, ఎండ నేరుగా తగలని వెలుతురులో ఉంచండి. డబ్బాను చీకట్లో పెడితే లెక్క తప్పు వస్తుంది. రెండు వారాల్లో 14 మొలిస్తే 70 శాతం, బాగున్నట్టే. పదికి తక్కువైతే ట్రేలో రెట్టింపు చల్లుకోవాలి. ఆరుకు పడిపోతే ఆ ప్యాకెట్ తిరిగి ఇచ్చేయదగ్గదే.

ఇప్పుడు అచ్చేసిన సూచనల సంగతి. 3 మిల్లీమీటర్ల మట్టి కప్పమనడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఈ గింజ మొలవడానికి వెలుతురు తోడ్పడుతుంది, పైగా అంత చిన్న గింజలో నిల్వ ఆహారం చాలా తక్కువ. మూడు మిల్లీమీటర్ల తడి మట్టిని చీల్చుకుని పైకి రావడం దానికి కష్టం. మొలకలు రాలేదనే ఫిర్యాదుల్లో ముందుగా అనుమానించాల్సింది ఈ లోతునే.

ట్రేలో నింపడానికి రెండు పాళ్లు జల్లించిన కోకోపీట్, ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్ల ఖనిజపు పలుకులు) లేదా కడిగిన సన్న ఇసుక చాలు. కోకోపీట్‌ను ముందుగా రెండుసార్లు నీళ్లలో నానబెట్టి పిండాలి, ఉప్పు మిగిలిపోతే లేత వేళ్లు మాడిపోతాయి. ఈ దశలో పశువుల ఎరువు కలపవద్దు. మిశ్రమాన్ని తడిపి, పైభాగాన్ని చెక్కముక్కతో చదును చేయండి. గింజల్ని వాటికి పదింతల పొడి ఇసుకతో కలిపి చల్లితే గుంపులుగా పడవు. చల్లాక అదే చెక్కతో మెల్లగా అదమండి. గింజ మిశ్రమానికి అంటుకోవాలి, పైకి కనిపిస్తూనే ఉండాలి. గాలి బాగా పొడిగా ఉంటే సన్న వర్మిక్యులైట్ (తడి పట్టి ఉంచే తేలికైన ఖనిజపు పొరలు) పలుచగా చల్లవచ్చు, అదీ గింజలు ఇంకా లీలగా కనపడేంత మేరకే.

నీళ్లు పైనుంచి పోయవద్దు. ట్రేను 2 సెంటీమీటర్ల నీళ్లున్న పళ్లెంలో పెట్టి, పైభాగం రంగు మారగానే తీసేయండి. పైన పారదర్శకమైన మూత వేసి 18 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంచితే 7 నుంచి 14 రోజుల్లో మొలకలు వస్తాయి. 25 డిగ్రీలు దాటితే మొలిచేవి తగ్గుతాయి, వచ్చినవి కూడా ఒకేసారి రావు. సగం మొలకలు కనిపించాక మూత తీసేయాలి. ఇక్కడ ఆలస్యం చేస్తే నారుకుళ్లు తగులుతుంది. మొలక కాడ నేల దగ్గర దారంలా నలిగి, పైభాగం పచ్చగా ఉండగానే ఒరిగిపోతుంది. పడిపోయినదాన్ని లేపలేం. ఆ చోట చుట్టూ రెండు సెంటీమీటర్ల మట్టితో సహా చెంచాతో తీసేసి, గాలి ఆడేలా చేసి, పైభాగం కొంచెం ఆరనివ్వడమే మందు. దట్టంగా చల్లిన ట్రేలో ఇది ఎక్కువగా వస్తుంది, అందుకే ఇసుక కలిపే పనిని వదిలేయకండి.

మొదటి రెండు ఆకులు గుండ్రంగా, అతి చిన్నగా ఉంటాయి. వాటితో ఏమీ తేల్చలేం. మూడో నాలుగో అసలు ఆకు వచ్చాక చక్రం ఆకారం కనిపిస్తుంది, అప్పుడే విడిగా నాటాలి. చల్లిన నాలుగైదు వారాలకు ఆ దశకు వస్తుంది. ఈలోగా లీటరు నీటికి ఒక గ్రాము సమతుల్య ఎరువు కలిపి పదిహేను రోజులకోసారి ఇస్తే సరిపోతుంది. నాటేటప్పుడు ఆకుల చక్రం మధ్యనున్న మొగ్గ సరిగ్గా నేల మట్టానికి రావాలి. ఒక సెంటీమీటరు లోతుగా పాతిపెడితే నీళ్లు పెట్టినప్పుడల్లా మట్టి మొగ్గలో చేరి మొదలు కుళ్లుతుంది, పైకి తేలితే వేళ్లు ఎండిపోతాయి. నారును బయటి గాలికి అలవాటు చేయడానికి వారం పది రోజులు ఇవ్వండి.

"వసంతంలో చల్లండి" అన్న మాట ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఈ మొక్క చల్లదనంలో బలపడి ఆ తర్వాత పూసే రకం. వసంతంలో చల్లితే ఎండాకాలం మీద పడేసరికి ఆకులు తప్ప పెద్దగా ఏమీ ఉండవు, పూత ఆలస్యంగా, పలుచగా వస్తుంది. చలి గట్టిగా ఉండే చోట నడివేసవిలో చల్లి, శరత్తులో నాటి, మరుసటి వసంతంలో పూలు తీసుకోవాలి. మంచును ఈ మొక్క బాగానే తట్టుకుంటుంది. ఎండలు 30 డిగ్రీలు దాటి రాత్రులు కూడా చల్లబడని చోట లెక్క మార్చుకోవాలి. చలికాలం మొదలవుతుండగా చల్లి, ఆ చల్లటి నెలల్లోనే పూలు చూసి, ఎండలు ముదిరాక మొక్క పోతుందని ముందే అనుకోవాలి. పెరెన్నిస్ (ఏళ్ల తరబడి బతికేది) అన్న పేరు చూసి అక్కడ కూడా ఏళ్ల తరబడి ఉంటుందని ఆశపడితే నిరాశే. నాటాక 10 నుంచి 15 డిగ్రీల చల్లదనం కొన్ని వారాలు దొరికిన మొక్కకు ఆకులు దట్టంగా, కాడలు పొట్టిగా, పూలు ఎక్కువగా వస్తాయి. వెచ్చగా నీడలో పెరిగినదానికి ఆకులు నిటారుగా లేచి పాలిపోతాయి. ఆకులు బాగా ఏపుగా ఉండి పూలు రాకపోతే నత్రజని ఎక్కువైందా, వెలుతురు తక్కువైందా అని చూసుకోండి.

రోజూ నీళ్లు పోయమనడం కూడా సరికాదు. బెల్లిస్‌కు నేల చెమ్మగా ఉండాలి, చిత్తడి పనికిరాదు. వేలి మొదటి కణుపు లోతులో తడి తగలకపోతే అప్పుడు పోయండి, అదీ ఉదయం పూట, ఆకుల మీద కాకుండా మొదట్లో. ఆకులు నేలకు పరుచుకుని ఉండటం వల్ల అడుగున తడి త్వరగా ఆరదు. సాయంత్రం తడిపితే రాత్రంతా అలాగే ఉండి బూజు, తుప్పు తెగులు వస్తాయి. తుప్పు పట్టిన ఆకు అడుగున నారింజ రంగు చిన్న గిన్నెల్లాంటి బొబ్బలు గుంపులుగా ఉంటాయి. ఆ ఆకుల్ని తెంపి పారేయాలి, కంపోస్టులో వేయకూడదు. మొక్క మధ్య మొగ్గకు పాకితే మొక్కనే తీసేయడం నయం. లేత కాడలకు పేనుబంక పడితే గట్టి నీటి ధారతో కడిగేస్తే చాలావరకు వదిలిపోతుంది.

పచ్చిక బయల్లో డైజీలు కావాలనుకునేవాళ్లు ప్యాకెట్ చింపి గడ్డి మీద వెదజల్లుతారు. దాదాపు ఏమీ మొలవదు. గడ్డి నీడలో గింజకు వెలుతురు అందదు, మొలిచినా పోటీలో నిలవదు. ట్రేలో నారు పోసి, గడ్డిలో అరచేయి వెడల్పున పచ్చికను పెళ్లగించి, ఆ ఖాళీలో మొక్క నాటడమే నికరమైన పద్ధతి. నిలదొక్కుకున్నాక దాన్ని గడ్డి కోసే యంత్రం ఏమీ చేయలేదు. ఆకులు బ్లేడు కిందకే ఉంటాయి, తెగేవి పూలు మాత్రమే, అవి మళ్లీ వస్తాయి. బ్లేడును 4 నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టండి. గడ్డిని మరీ పెరగనిస్తే డైజీ నీడలో పడి పలుచబడుతుంది, కాబట్టి కోత దానికి మేలే చేస్తుంది. జాగ్రత్త పడాల్సింది కలుపు మందుతో. వెడల్పాకు కలుపును చంపే 2,4-డి వంటి మందు కలిపిన లాన్ ఎరువు వేస్తే డైజీ కూడా పోతుంది. ఇంకో హెచ్చరిక కూడా ఉంది. బెల్లిస్ తన పుట్టిల్లు దాటి అమెరికా ఖండాల్లో, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పచ్చికల్లో బాగా పాతుకుపోయింది. చల్లటి ప్రాంతంలో, సహజమైన గడ్డి నేల పక్కనే ఉంటే తొట్లకే పరిమితం చేయడం బాధ్యత.

ముద్దపూల ప్యాకెట్ల గురించి చెప్పకపోతే అన్యాయం, ఎక్కువమంది కొనేది అవే. పాంపొనెట్, టాసో రకాల్లో రేకులు గొట్టాల్లా చుట్టుకుని గట్టి బొత్తాం ఆకారంలో ఉంటాయి. తొట్టి అంచులకు ఇవి చక్కగా నప్పుతాయి. హబనేరాలో పూవు పెద్దది, రేకులు పొడుగు, వాన పడితే బరువుకు ఒరిగిపోతుంది. మాన్‌స్ట్రోసా పేరుకు తగ్గట్టు ఇంకా భారీ, నా దృష్టిలో ఆ పొట్టి మొక్కకు ఆ పూవు అసలు అతకదు. వీటన్నిటిలో మధ్యలోని పసుపు గొట్టాలు రేకులుగా మారిపోయాయి. అంటే కీటకాలకు దొరికే పుప్పొడి బాగా తగ్గిపోతుంది, పూత లోపలికి వరుసలు వరుసలుగా సాగే ఆ తీరు కూడా చూడటానికి ఉండదు. వాటి గింజ రాలి మొలిస్తే తరువాతి తరాల్లో చాలావరకు ఒంటిరేకు రూపానికే తిరిగిపోతాయి. రంగూ కావాలి, పసుపు బొడ్డూ కనిపించాలి అనుకునేవాళ్లు అర్ధముద్ద రకమైన గెలాక్సీ ఎంచుకోవచ్చు. పెద్ద పూవు చుట్టూ చిన్న పూలు పిల్లల్లా వేలాడే ప్రొలిఫెరాను మాత్రం గింజ ప్యాకెట్‌లో వెతకొద్దు, పిలకలు విడదీసి పెంచిన మొక్కనే కొనాలి.

సిరీస్ రకాలు కొన్నిసార్లు బంకమట్టి పూత పూసిన గుళికలుగా వస్తాయి. విత్తడం సులువు, ఒక్కో గదిలో ఒక్కోటి పెట్టొచ్చు. కానీ మొదటి తడికే పూత పూర్తిగా కరిగి విచ్చుకోవాలి. సగం తడిసి మళ్లీ ఆరితే అది గట్టిపడి లోపలి మొలకను పట్టేస్తుంది. గుళికలు నిల్వ కూడా ఎక్కువకాలం ఉండవు, ఆ ఏడాదే వాడేయాలి. అడవి రకానికి గుళికలు అవసరం లేదు.

ఈ ప్యాకెట్‌ను రెండోసారి కొనే పని లేకుండా చేసుకోవచ్చు. రేకులు ఎండి గోధుమ రంగుకు తిరిగాక పూవును వేలితో తడితే గింజలు శంకువు నుంచి రాలడం మొదలవుతుంది. అప్పుడే కోయండి, ముందు కోస్తే గింజ పచ్చిగా ఉండి ముడుచుకుపోతుంది, ఆలస్యమైతే మొక్క మొదట్లోనే రాలిపోతుంది. కుచ్చు లేదు కాబట్టి దూరం పోదు. కాగితం కవర్లో నీడన వారం రోజులు ఆరబెట్టి, అరచేతుల మధ్య నలిపి, పొట్టును మెల్లగా ఊదేయండి. గాలి చొరని సీసాలో చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచీతో పాటు వేసి, పేరూ తేదీ రాసి, ఫ్రిజ్ అడుగు అరలో పెట్టండి. చల్లే ముందు సీసాను మూత తీయకుండా గది వేడికి రానివ్వాలి. చల్లగా ఉండగానే మూత తీస్తే లోపల చెమ్మ చేరి, మిగిలిన గింజ పాడవుతుంది.